పెడల్ ఎల్ఈడీలు కళ్ళలో గుచ్చుకుంటున్నాయి, వెలుగు తగ్గించేదెలా?

రాత్రి_సాధన
అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఓర్చుకుంటున్న బాధ ఒకటి ఈరోజు అడిగేస్తున్నాను. నా గిటార్ బోర్డు మీద, కాలితో తొక్కి శబ్దం మార్చుకునే పెడల్స్ ఏడు ఉన్నాయి. డ్రైవ్, కోరస్, డిలే మూడింటికీ నీలం ఎల్ఈడీలు, రివర్బ్‌కు తెల్లది. పగలు గదిలో వాయించుకుంటే ఏ ఇబ్బందీ లేదు. స్టేజీ మీద లైట్లు తగ్గించారంటే మాత్రం కిందికి చూడలేకపోతున్నాను. మొన్న ఒక పాట మధ్యలో డిలే టైమ్ కాస్త తగ్గిద్దామని వంగితే, నాబ్ పక్కనున్న నీలం చుక్క తప్ప ఇంకేమీ కనిపించలేదు. నాబ్ మీది గీత ఎటు తిరిగి ఉందో తెలియక అందాజుగా తిప్పాను, డిలే తాళం తప్పి పాటంతా గజిబిజి అయిపోయింది. తలెత్తాక ఫ్రెట్‌బోర్డు మీద చుక్కలు కూడా కాసేపు కనబడలేదు, కళ్ళ ముందు నీలం మచ్చ తేలుతూనే ఉంది.

సోల్డరింగ్ కొంచెం వచ్చు, కేబుళ్ళు సొంతంగానే చేసుకుంటాను. పెడల్ లోపల మాత్రం ఎప్పుడూ చెయ్యి పెట్టలేదు. తెరవకుండా ఏదైనా దారి ఉందా? తెరవక తప్పదంటే ఏం మార్చాలి?

మూడో_ఫ్రెట్
ముందు తెరవకుండానే చూడండి బ్రదర్. నల్ల గాఫర్ టేపు చిన్న ముక్క కత్తిరించి, మధ్యలో సూదితో బెజ్జం పెట్టి ఎల్ఈడీ మీద అంటించండి. ఆన్‌లో ఉందో లేదో తెలుస్తుంది, కళ్ళలో కొట్టదు. నేను రెండేళ్ళు ఇలాగే లాగించాను. దీంతో చిక్కేమిటంటే బెజ్జం సరిగ్గా పైనుంచి చూస్తేనే కనబడుతుంది, మైకు దగ్గరకు రెండడుగులు జరిగి పాడుతుంటే ఏది ఆన్‌లో ఉందో తెలీదు. అందుకని ఇప్పుడు బెజ్జం మానేసి, పెయింటర్లు వాడే పేపర్ మాస్కింగ్ టేపు రెండు పొరలు వేస్తున్నా. వెలుగు కాగితమంతా పరుచుకుని ఏ వైపునుంచి చూసినా తెలుస్తుంది.

బేస్_గది
నాది నెయిల్ పాలిష్ పద్ధతి. ఒక పొర వేసి, ఆరాక చీకట్లో చూసుకుని, చాలకపోతే ఇంకో పొర. టేపులా చెమటకీ కాలి తాకిడికీ ఊడిపోదు. కానీ రంగు ఆలోచించి ఎంచుకోవాలి. నీలం ఎల్ఈడీ మీద ఎర్ర పాలిష్ వేశారంటే దాదాపు ఆరిపోయినట్టే, ఎందుకంటే నీలం ఎల్ఈడీలో నీలం తప్ప వేరే రంగు వెలుగు ఉండదు, ఎర్ర పొర దాన్నంతా ఆపేస్తుంది. మీ రివర్బ్‌కు ఉన్న తెల్లదాని మీద అయితే ఎరుపో పసుపో వేస్తే ఆ రంగే వస్తుంది, చూడ్డానికి కూడా బాగుంటుంది. నీలానికి తెలుపో, పొగరంగులో ఉండే పల్చటి పాలిషో వాడండి.

పాత_పెడల్స్
బేస్_గది గారు చెప్పింది పనిచేస్తుంది, కాకపోతే వేసేముందు ఒక జాగ్రత్త. నేను ఒక కంప్రెసర్ పెడల్ మీద పాలిష్ మరీ మందంగా వేసి, తర్వాత రిమూవర్‌తో తుడిచాను. ఆ రిమూవర్‌లో అసిటోన్ ఉంది. ఎల్ఈడీకి ఏమీ కాలేదు గానీ, పక్కనున్న అక్షరాలు సగం చెరిగిపోయాయి, ఎల్ఈడీ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ రింగు మొత్తం తెల్లగా మసకబారింది. ఎంతో ఇష్టపడి కొనుక్కున్న పెడల్ అది, ఇప్పటికీ చూసినప్పుడల్లా బాధగానే ఉంటుంది. పాలిష్ వేస్తే చుట్టూ టేపు అంటించి ఎల్ఈడీ మీద మాత్రమే వేయండి. తీయాలనుకుంటే రిమూవర్ జోలికి పోకుండా చెక్క టూత్‌పిక్‌తో నెమ్మదిగా గీకండి, పొరలా లేచి వస్తుంది. పర్మనెంట్ మార్కర్ పెట్టమని కూడా కొందరు చెబుతారు, అది రెండు ప్రోగ్రాములకే చెరిగిపోతుంది.

సోల్డర్_పొగ
టేపూ పాలిషూ రోగం పైకి కనబడకుండా కప్పుతాయి, కరెంటు మాత్రం అంతే పోతూ ఉంటుంది. మీకు సోల్డరింగ్ వచ్చంటున్నారు కాబట్టి అసలు పని చెబుతాను, పెద్ద కష్టం కాదు.

ప్రతి ఎల్ఈడీకి వరుసలో ఒక రెసిస్టర్ ఉంటుంది, ఎంత కరెంటు వెళ్ళాలో అదే నిర్ణయిస్తుంది. లెక్క ఇదీ: సప్లై వోల్టేజీలోంచి ఎల్ఈడీ తీసుకునే వోల్టేజీ తీసేసి, మిగిలినదాన్ని రెసిస్టర్ విలువతో భాగించాలి. ఎర్ర ఎల్ఈడీ సుమారు 2 వోల్టులు తీసుకుంటుంది, నీలం, తెలుపు 3 పైచిలుకు, లెక్కకు 3.2 అనుకుందాం. 9 వోల్టుల పెడల్‌లో నీలం ఎల్ఈడీకి 4.7 కె (కె అంటే వెయ్యి ఓమ్స్) రెసిస్టర్ ఉంటే మిగిలేది 5.8 వోల్టులు, అంటే దాదాపు 1.2 మిల్లీ ఆంపులు. అదే 1 కె అయితే 5.8 మిల్లీ ఆంపులు. ఇప్పటి క్లియర్ గాజులాంటి నీలం ఎల్ఈడీలకు ఇది చాలా ఎక్కువ. అవి మిల్లీ ఆంపులో పదో వంతుకే చీకట్లో చక్కగా కనిపిస్తాయి.

తెరిచాక ఎల్ఈడీ కాలు నుంచి వెళ్ళే ట్రాక్‌నో వైరునో అనుసరించి వెళ్తే రెసిస్టర్ దొరుకుతుంది. అది ప్లస్ వైపు ఉన్నా, గ్రౌండ్ వైపు, స్విచ్ దగ్గర ఉన్నా తేడా లేదు, వరుసలో ఉంటే చాలు. పాతది ఊడదీయాల్సిన పని కూడా లేదు. ఎల్ఈడీకి వైర్లు ఉన్న పెడల్ అయితే ఒక వైరు విడదీసి, మధ్యలో కొత్త రెసిస్టర్ అతికి, మీద హీట్ ష్రింక్ ట్యూబు తొడగండి. వరుసలో ఉన్న రెసిస్టర్లు కలుస్తాయి కదా, 4.7 కెకు 39 కె కలిపితే దాదాపు 44 కె. పావు వాట్ రెసిస్టర్ ధారాళంగా సరిపోతుంది, ఇక్కడ ఖర్చయ్యే శక్తి పది మిల్లీవాట్ల లోపే. ఒకవేళ ఎల్ఈడీనే మార్చాలనుకుంటే, పొడుగు కాలు ప్లస్, అంచు చదునుగా ఉన్న వైపు మైనస్. ఐరన్ మూడు సెకన్ల కన్నా ఎక్కువ ఆనించకండి.

మొదలుపెట్టే ముందు బ్యాటరీ తీసేయండి, అడాప్టర్ పీకేయండి. తెరవగానే ఫోన్‌తో నాలుగు ఫోటోలు తీసి పెట్టుకోండి.

రాత్రి_సాధన
సోల్డర్_పొగ గారూ, ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థ్యాంక్స్. ఈరోజు ధైర్యం చేసి డిలే తెరిచాను. మీరన్నట్టే 4.7 కె ఉంది. ఇంట్లో 10 కె ఒకటి ఉంటే దాని బదులు పెట్టి చూశాను. నిజం చెప్పాలంటే తేడా ఏమీ తెలియలేదు! కరెంటు సగమైంది కదా, వెలుగు సగం కావాలి కదా? నేనేమైనా తప్పు చేశానా?

వెలుగునీడ
తప్పేమీ చేయలేదండీ, కరెంటు సగమైంది, వెలుగూ దాదాపు సగమైంది. మన కన్ను అలా లెక్కపెట్టదు, అంతే. పట్టపగటి ఎండ నుంచి చుక్కల రాత్రి దాకా చూడాల్సిన అవయవం కాబట్టి, వెలుగులో తేడాను అది నిష్పత్తుల్లో పట్టుకుంటుంది. సగానికి తగ్గిస్తే 'కొంచెం తగ్గినట్టుంది' అనిపిస్తుంది. పదో వంతుకు తగ్గిస్తే గానీ సగమో అంతకన్నా తక్కువో అయినట్టు అనిపించదు. అందుకే రెసిస్టర్ మార్చేటప్పుడు 4.7 నుంచి 10కి పోతే లాభం లేదు, సరాసరి 47 కెకు వెళ్ళండి, అదీ చాలకపోతే 100 కె.

నీలమే ఎందుకింత ఇబ్బంది పెడుతుందో కూడా చెబుతాను, ఈ విషయం మీద నాకు మొదటినుంచీ ఆసక్తి. కంట్లో రంగులు చూసే కణాలు వేరు, చీకట్లో పనిచేసే రాడ్ కణాలు వేరు. ఈ రాడ్‌లకు 507 నానోమీటర్ల దగ్గర, అంటే నీలం ఆకుపచ్చ కలిసే చోట, చురుకు ఎక్కువ. నీలం ఎల్ఈడీ 470 చుట్టుపక్కల ఉంటుంది, అంటే చీకటికి అలవాటుపడిన కంటికి అది మరీ ప్రకాశంగా కనబడుతుంది. ఎరుపు 630 దగ్గర ఉంటుంది, రాడ్‌లు దాన్ని దాదాపు పట్టించుకోవు. పగలు రెండూ సమానంగా కనిపించిన ఎల్ఈడీలే రాత్రి నీలం రెచ్చిపోయి, ఎరుపు అణిగిపోయినట్టు అనిపిస్తాయి. దీన్ని పుర్కింజె ప్రభావం అంటారు. పైగా కంటి కటకం నీలాన్ని రెటీనాకు కాస్త ముందే ఫోకస్ చేస్తుంది, అందుకే నీలం చుక్క చుట్టూ మసక వలయం కనిపిస్తుంది, పక్కనున్న అక్షరాలు ఆనవు. కన్ను చీకటికి పూర్తిగా అలవాటుపడటానికి 20, 30 నిమిషాలు పడుతుంది, దాన్ని ఒక్క చూపుతో పాడుచేసేది ఈ నీలం చుక్కే.

నాకు మైగ్రేన్ ఉంది. చీకటి గదిలో ఇలాంటి లైటు ఒక్కటి చాలు నాకు తలనొప్పి మొదలవడానికి. అందుకే నా పెడల్స్ అన్నింటికీ ఎరుపు, కాషాయ రంగు డిఫ్యూజ్డ్, అంటే వెలుగును చెదరగొట్టే మసక లెన్సున్న, ఎల్ఈడీలే పెట్టుకున్నాను. రంగు మార్చే వీలుంటే ముందు రంగు మార్చండి, తర్వాత రెసిస్టర్ సంగతి చూడొచ్చు.

సోల్డర్_పొగ
వెలుగునీడ గారు చెప్పినదానికి ఒక చిన్న చేర్పు. నీలం తీసి ఎరుపు పెడితే, ఎరుపు తక్కువ వోల్టేజీ తీసుకుంటుంది కాబట్టి అదే రెసిస్టర్‌తో కరెంటు ఒక ఇరవై శాతం పెరుగుతుంది. కంగారుపడాల్సిందేమీ లేదు, తెలిసి ఉంటే మంచిదని చెబుతున్నా.

విలువ ఊహించి సోల్డర్ చేయడం, నచ్చక మళ్ళీ ఊడదీయడం అనవసరం. 100 కె పొటెన్షియోమీటర్‌కు (పాట్, అంటే తిప్పితే విలువ మారే రెసిస్టర్) క్రొకడైల్ క్లిప్పులు తగిలించి, దాన్ని ఉన్న రెసిస్టర్‌తో వరుసలో పెట్టండి. ఉన్న రెసిస్టర్‌ను మాత్రం తీసేయకండి, పాట్ సున్నాకు తిరిగినప్పుడు ఎల్ఈడీ కాలిపోకుండా కాపాడేది అదే. గదిలో లైట్లన్నీ ఆర్పి, పది నిమిషాలు ఆగి, నిలబడి చూస్తూ తిప్పండి. కూర్చుని దగ్గరనుంచి చూడొద్దు, స్టేజీ మీద మీ కళ్ళు ఉండేది నిలబడ్డ ఎత్తులో కదా. నచ్చిన చోట ఆపి, పాట్ తీసి మల్టీమీటర్‌తో కొలిచి, దానికి దగ్గరగా దొరికే విలువ పెట్టేయండి.

పాత_పెడల్స్
ఎల్ఈడీలు ఇలా ఎందుకు తయారయ్యాయో కొంచెం వెనక్కి వెళ్తే అర్థమవుతుంది. 1966లో వచ్చిన ఫజ్ ఫేస్ అనే పెడల్‌కు అసలు లైటే లేదు. 1974 నాటి ఫేజ్ 90 పెడల్‌కీ లేదు. తొక్కాక శబ్దం మారిందా లేదా అని చెవితోనే తెలుసుకునేవాళ్ళు. తర్వాత ఎల్ఈడీలు వచ్చినా, అప్పటి ఎర్ర డిఫ్యూజ్డ్ ఎల్ఈడీ కంటికి ఆనాలంటే పది, ఇరవై మిల్లీ ఆంపులు కావలసి వచ్చేది, అంత ఇచ్చినా వచ్చే వెలుగు కొన్ని మిల్లీక్యాండెలాలే (వెలుగు తీవ్రతకు కొలత అది). ఇప్పటి క్లియర్ నీలం ఎల్ఈడీలు అదే కరెంటుకు వేల మిల్లీక్యాండెలాలు ఇస్తాయి. పైగా క్లియర్ లెన్సు వెలుగును సన్నని కిరణంలా పైకి, అంటే సరిగ్గా మన మొహం మీదికి కొడుతుంది. ఎల్ఈడీ ఇంతగా మారినా, దాని ముందు పాత రెసిస్టర్ విలువనే పెట్టుకుంటూ వచ్చిన డిజైన్లు చాలా చూశాను.

బ్యాటరీ మీద వాయించేవాళ్ళకు ఇంకో లాభం ఉంది. ఫజ్ ఫేస్ లాంటి సర్క్యూట్ ఒక మిల్లీ ఆంపు కూడా తీసుకోదు. దానికి 5 మిల్లీ ఆంపుల ఎల్ఈడీ తగిలిస్తే, బ్యాటరీలో ఎక్కువ భాగం లైటే తినేస్తుంది. సుమారు 500 మిల్లీ ఆంప్ అవర్ల 9 వోల్టు బ్యాటరీకి అది ఎంత తేడానో మీరే లెక్కేసుకోండి. స్విచ్ తొక్కినప్పుడు 'టప్' మని వచ్చే శబ్దం కూడా కొన్ని పెడల్స్‌లో ఎల్ఈడీ కరెంటు తగ్గించగానే తగ్గింది నాకు.

అన్నట్టు, బాస్ కంపెనీ పాత పెడల్స్‌లో ఏసీఏ అడాప్టర్ (ఆ కంపెనీ పాత రకం అడాప్టర్) అని రాసి ఉన్నవాటిని స్థిరమైన 9 వోల్టుల సప్లైతో విడిగా నడిపితే ఎల్ఈడీ దానంతటదే మసకగా వెలుగుతుంది. ఎల్ఈడీ పాడైందని మార్చేయకండి, ఆ పెడల్ లోపలికి చేరే వోల్టేజీ అక్కడ తగ్గిపోతోంది, అంతే.

ఎండలో_స్టేజీ
అందరూ తగ్గించడం గురించే మాట్లాడుతున్నారు, రెండో వైపు నేను చెబుతాను. నా ప్రోగ్రాముల్లో సగం పగటిపూట, ఆరుబయట. నేనూ మీలాగే విసుగొచ్చి అన్నింటికీ 100 కె పెట్టేశాను. చీకట్లో ఎంత హాయిగా ఉందో చెప్పలేను. తర్వాతి వారమే మధ్యాహ్నం ఎండలో వాయించాల్సి వచ్చింది. ఒక్క ఎల్ఈడీ కనిపిస్తే ఒట్టు. శబ్దం పెంచే బూస్ట్ పెడల్ ఆన్‌లో ఉందో లేదో తెలియక సోలోకు ముందు తొక్కితే అది ఆఫ్ అయింది, సోలో మొత్తం ఎవరికీ వినిపించలేదు. ఇంటికి వచ్చి అన్నీ మళ్ళీ ఊడదీశాను. రెండు రకాల చోట్లా వాయించేవాళ్ళు లోపల మరీ ఎక్కువ తగ్గించకండి. లోపల ఓ మోస్తరుగా తగ్గించి, మిగతాది చీకటి స్టేజీలకు ఊడదీయగలిగే టేపుతో సరిపెట్టుకోండి. ట్యూనర్‌ను మాత్రం ఏమీ చేయకండి, అది ఎండలో కనబడకపోతే ఇక దేనికీ పనికిరాదు.

మూడో_ఫ్రెట్
ఎండలో_స్టేజీ అన్నా, నాదీ అదే అనుభవం. క్లియర్ ఎల్ఈడీ తీసి డిఫ్యూజ్డ్ పెడితే రెండింటికీ మధ్యేమార్గంగా ఉంటుంది కదా? కిరణం పోతుంది గానీ పక్కలనుంచి కనిపిస్తుంది.

ఎండలో_స్టేజీ
అవును తమ్ముడూ, నిజమే. ఎల్ఈడీ మార్చే ఓపిక లేకపోతే సన్నటి ఎమెరీ కాగితంతో ఎల్ఈడీ తల మీద మెల్లగా రుద్దినా చాలు, గాజులాంటి ఉపరితలం గరుకై వెలుగు చెదిరిపోతుంది. పెడల్ మీద గీతలు పడకుండా చుట్టూ టేపు వేసుకుని రుద్దు. వెనక్కి తీసుకోలేని పని కాబట్టి ముందు వేరే ఎల్ఈడీ మీద ప్రయత్నించు.

బేస్_గది
నాదో మనవి. రంగు మార్చమని చాలామంది అంటున్నారు, సరే. నాకు ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియదు, పుట్టుకతోనే. రెండు రంగుల ఎల్ఈడీ పెట్టి ఎరుపంటే ఒక ఛానెల్, ఆకుపచ్చంటే ఇంకోటి అని చేసిన పెడల్స్‌లో నేను వెలుగులో ఉండే తేడాను బట్టే గుర్తుపడతాను. అలాంటి పెడల్ ఎవరికైనా మార్చి ఇస్తుంటే, రెండింటినీ సమానంగా మసకబార్చే ముందు వాడేవాళ్ళను ఒక్క మాట అడగండి.

సోల్డర్_పొగ
మంచి మాట చెప్పారు బేస్_గది గారూ. నేను ఇంతకాలం దీని గురించి ఆలోచించలేదు, ఇకమీదట అడుగుతాను.

ఇంకో హెచ్చరిక, ముందే చెప్పాల్సింది. పెడల్ లోపల కనిపించే ప్రతి ఎల్ఈడీ సూచిక లైటు కాదు. కొన్ని డిస్టార్షన్‌లలో ఎల్ఈడీలు సిగ్నల్‌ను క్లిప్ చేయడానికి, అంటే దాని పై అంచులు కత్తిరించడానికి వాడతారు, టర్బో ర్యాట్ అనే పెడల్‌లో అలాగే ఉంటుంది. ట్రెమోలోలు, కొన్ని ఫేజర్లు, ఆప్టికల్ కంప్రెసర్లలో ఎల్ఈడీ వెలుగు పక్కనున్న లైట్ సెన్సర్ మీద పడి శబ్దాన్ని నడిపిస్తుంది. ఒక స్నేహితుడి ట్రెమోలో బాగుచేయబోయి నేను పొరపాటున ఆ రెసిస్టర్‌నే పెంచేశాను, పెడల్ పైన లైటు ఎప్పటిలాగే మెరుస్తోంది, ట్రెమోలో ఊగడం మానేసింది. గంటసేపు స్విచ్‌లో తప్పు వెతికాను. మూత పైకి కనబడే ఎల్ఈడీ నుంచే మొదలుపెట్టి వెనక్కి వెళ్ళండి, లోపల దొరికిన ఎల్ఈడీ నుంచి కాదు.

18 వోల్టుల మీద నడిపే డ్రైవ్‌లు ఉన్నవాళ్ళు కూడా గమనించండి. కొన్నింటిలో ఎల్ఈడీకి కూడా ఆ 18 వోల్టులే వెళ్తాయి. నీలానికి 4.7 కెతో కరెంటు 1.2 నుంచి 3 మిల్లీ ఆంపుల పైకి పోతుంది. వోల్టేజీ రెట్టింపైనందుకే లైటు రెండున్నర రెట్లైందని చాలామందికి తెలియదు.

రాత్రి_సాధన
ఇప్పటిదాకా అయింది ఇదీ. డిలేకు 47 కె పెట్టాను, చీకట్లో అద్భుతం, మొదటిసారి టైమ్ నాబ్ గీత కనిపించింది! డ్రైవ్‌లో నీలం తీసి ఎరుపు డిఫ్యూజ్డ్ పెట్టాను, దానికి 10 కె చాలింది, మళ్ళీ తగ్గించాలని అనిపించనే లేదు. కోరస్ తెరిచి చూస్తే అన్నీ బియ్యపు గింజంత భాగాలు, రెసిస్టర్ మీద 472 అని ఉంది, అంటే ఏమిటి? రివర్బ్ తెరవడానికి భయమేస్తోంది, అది డిజిటల్.

సోల్డర్_పొగ
472 అంటే 47 పక్కన రెండు సున్నాలు, 4700 ఓమ్స్, మీ డిలేలో ఉన్నదే. 473 అని ఉన్నది పెడితే 47 కె. మీ ఐరన్ మొన సన్నంగా లేకపోతే దాని జోలికి వెళ్ళకండి, సోల్డర్ అతికే ప్యాడ్ బోర్డు మీంచి లేచి వచ్చిందంటే ఆ బోర్డు బాగుచేయడం చాలా కష్టం. దానికి మాస్కింగ్ టేపే మేలు.

డిజిటల్ పెడల్ అస్సలు తెరవకండి. ముందు మాన్యువల్ చదవండి, చాలావాటిలో ఎల్ఈడీ వెలుగు తగ్గించే సెట్టింగు లోపలే ఉంటుంది, ఒక స్విచ్ నొక్కి పట్టుకుని పవర్ ఇస్తే మారేవి కూడా ఉన్నాయి. వాటిలో కొన్ని లైటును వేగంగా ఆర్పి వెలిగిస్తూ తగ్గిస్తాయి, కంటికి తెలియదు గానీ వీడియోలో మిణుకుమిణుకుమనవచ్చు. మీ ప్రోగ్రాములు రికార్డు చేస్తుంటే ఒకసారి ఫోన్ కెమెరాతో చూసుకోండి.

రాత్రి_సాధన
మాన్యువల్‌లో నిజంగానే ఉంది! మూడు స్థాయిలున్నాయి, అన్నిటికన్నా తక్కువదానికి పెట్టాను. రెండేళ్ళుగా వాడుతున్న పెడల్ అది. కోరస్‌కు మాస్కింగ్ టేపు రెండు పొరలు.

నిన్న సాయంత్రం ఎండ ఉండగానే ఆరుబయట వాయించాం, ఎండలో_స్టేజీ గారు చెప్పిందే జరిగింది, డిలే లైటు వంగి చేత్తో నీడపెడితే గానీ కనబడలేదు. ఇంటికొచ్చి 47 కె తీసి 22 కె పెట్టాను. చీకటి గదిలో ఇప్పుడు కొంచెం ఎక్కువగానే ఉంది, కానీ నాబ్ గీత మాత్రం కనిపిస్తోంది.

ఎండలో_స్టేజీ
22 కె అలాగే ఉంచండి. చీకటి స్టేజీ అయితే కోరస్‌కు వేసిన టేపే ఒక్క పొర దీనికీ వేయండి, ఎండకు వెళ్ళేటప్పుడు పీకేయొచ్చు. టేపు చుట్ట ఒకటి గిటార్ బ్యాగులోనే పడేసుకోండి.